రహీం మాస్టారు: ఒక బడిపంతులి ఫుట్‌బాల్ చరిత్ర

స్వర్ణోత్సవాల్లో సన్మానించాల్సిన గురువుల జాబితా మా కమిటీ తయారుచేసింది. లెక్కల మాస్టారు, తెలుగు మాస్టారు, సైన్సు టీచరుగారు, హిందీ పండిట్‌గారు, హెడ్మాస్టర్లు... అందరి పేర్లూ, వారు పనిచేసిన సంవత్సరాలూ, దొరికినంతవరకు ఫోటోలూ సేకరించాం. ఇక ప్రెస్సుకి పంపుదాం అనుకుంటుండగా, మాకన్నా పదేళ్ళ తర్వాత చదివిన తమ్ముడొకడు జాబితా మొత్తం చదివి, "మరి డ్రిల్లు మాస్టారండీ?" అన్నాడు.

ఎవరూ మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. జాబితా రాసినవాళ్ళలో నేనూ ఒకణ్ణి.

తర్వాత ఆయన ఫోటో కోసం వెతికాం. ఒక్కరే ఉన్న ఫోటో ఒక్కటీ దొరకలేదు. ప్రతి స్పోర్ట్స్ డే గ్రూపు ఫోటోలోనూ ఉన్నారు. కప్పు పట్టుకున్న పిల్లలు మధ్యలో, పెద్దలు కుర్చీల్లో, ఆయన చివర నిలబడి, మెడలో విజిలు.

ఆ వారంలోనే అమెరికాలో స్థిరపడ్డ మా బ్యాచ్ మిత్రుడితో మాట్లాడుతుంటే, వాళ్ళబ్బాయి చదివే బడి సంగతి వచ్చింది. అక్కడ పొద్దున చరిత్ర పాఠం చెప్పే మాస్టారే సాయంత్రం లాక్రాస్ కోచ్ అట. లాక్రాస్ అంటే కర్ర చివర చిన్న వల కట్టి, ఆ వలతో బంతిని పట్టి విసిరే ఆట. అమెరికా ఆదిమ జాతుల వారి నుంచి వచ్చింది. ఆ మాస్టారు రిటైరైతే ఆయన బడిలో చేరిన రోజు నుంచి మొదలుపెట్టి మొత్తం చరిత్ర రాసి పెట్టుకున్నారట. "మన దగ్గర అలాంటివాళ్ళు లేరు కదరా" అన్నాడు వాడు.

లేకపోవడం కాదు, మనం రాసుకోలేదు. అలాంటి ఒక మాస్టారి చరిత్ర ఈ సంచికలో ఉండాలనిపించి ఇది రాస్తున్నాను.

డ్రిల్లు మాస్టరు ఉద్యోగం నుంచి పైకి వచ్చినవాళ్ళు మన ఉత్తరాంధ్రకి కొత్త కాదు. వీరఘట్టంలో పుట్టి, ఏనుగును ఛాతీ మీద నిలబెట్టుకున్న బలశాలిగా పేరుపొందిన కోడి రామమూర్తినాయుడుగారు మద్రాసు సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది, విజయనగరంలో బడి పిల్లలకి వ్యాయామం నేర్పినవారే. అయితే ఆయన తర్వాత సర్కస్ పెట్టి దేశాలు తిరిగారు. నేను చెప్పబోయే ఆయన మాత్రం దేశాలు తిరిగినా బడిపంతులి పద్ధతి వదల్లేదు. ఆయన సయ్యద్ అబ్దుల్ రహీం. హైదరాబాదులో అందరూ రహీం సాబ్ అనేవారు. మన వైపు పుట్టి ఉంటే రహీం మాస్టారు అనేవాళ్ళం.

బడిలో మొదలు

రహీం 1909 ఆగస్టు 17న హైదరాబాదులో పుట్టారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుకుంటూ అక్కడి జట్టుకి ఫుట్‌బాల్ ఆడారు. డిగ్రీ అయ్యాక ఉపాధ్యాయ వృత్తిలోకి వెళ్ళారు. కాచిగూడ మిడిల్ స్కూలు, ఉర్దూ షరీఫ్ స్కూలు, దారుల్ ఉలూమ్ హైస్కూలు, చాదర్‌ఘాట్ హైస్కూలు: ఇవీ ఆయన పనిచేసిన బడులు. ఉద్యోగంలో ఉండగానే వ్యాయామ విద్యలో డిప్లొమా చేశారు. చివరి రెండు బడుల్లో ఆటల బాధ్యత ఆయనదే.

ఇక్కడ ఒక్క విషయం గమనించాలి. ఆయన ముందు గొప్ప ఆటగాడిగా పేరు తెచ్చుకుని, ఆ పేరుతో కోచ్ అయినవారు కాదు. ముందు పంతులు. నలభై మంది పిల్లలున్న తరగతిలో ఒక్కొక్కడికి ఎక్కడ అర్థం కావడంలేదో చూడటం ఆయన వృత్తి. ఆ చూపునే మైదానంలోకి తీసుకువెళ్ళారు.

1940ల మొదట్లో ఆయన హైదరాబాదు ఫుట్‌బాల్ అసోసియేషన్ కార్యదర్శి అయ్యారు. చనిపోయేదాకా ఆ పదవిలో ఉన్నారు.

పోటీల పేరుతో పాఠాలు

ఆ రోజుల్లో మన దేశంలో ఫుట్‌బాల్ అంటే బంతిని కాళ్ళ దగ్గరే పెట్టుకుని, ఎదుటివాళ్ళని తప్పించుకుంటూ వెళ్ళేవాడే మొనగాడు. దాన్నే డ్రిబ్లింగ్ అంటారు. చూసే జనానికి అదే సరదా. ఒక్కడు నలుగురిని దాటాడంటే చప్పట్లే చప్పట్లు. ఆ లోపల ఖాళీగా నిలబడ్డ తోటి ఆటగాడి సంగతి ఎవరికీ పట్టదు.

దీన్ని మార్చాలని రహీం సాబ్ పిల్లలకి ఉపన్యాసాలు ఇవ్వలేదు. పోటీలు పెట్టారు. ఒక టోర్నమెంటులో డ్రిబ్లింగ్ నిషేధం. బంతి వచ్చిందా, ఇంకొకరికి ఇచ్చెయ్యాలి. ఇవ్వాలంటే ఎవరు ఎక్కడున్నారో బంతి రాకముందే చూసి ఉంచుకోవాలి. ఇంకో టోర్నమెంటులో అలవాటు లేని కాలితోనే తన్నాలి. కుడికాలి వాటం పిల్లలందరూ ఎడమకాలితో తంటాలు పడాలి. మరొకటి ఎత్తు పరిమితితో జరిగేది. ఫలానా ఎత్తు దాటినవాడికి ప్రవేశం లేదు. పొడుగూ బలమూ ఉన్నవాడి నీడలో ఎప్పుడూ బంతి అందని పొట్టి పిల్లలు ఆ పోటీలో ఆడేవారు, అక్కడే వాళ్ళలో ఉన్న నేర్పు బయటపడేది.

నేను ఇంజినీరుగా ముప్పై ఏళ్ళు యంత్రాల మధ్య గడిపాను కాబట్టి నాకు ఇది వెంటనే అర్థమైంది. ఏ ప్లాంటులోనైనా నడిచే పంపు పక్కన స్టాండ్‌బై పంపు ఒకటి ఉంటుంది. అది బాగానే ఉందని రిజిస్టరులో రాసి ఉంటుంది. నిజంగా బాగుందో లేదో తెలియాలంటే ఒకటే మార్గం, నడుస్తున్న పంపు ఆపి దానిమీద లోడు వెయ్యాలి. అవసరం వచ్చిననాడు మొదటిసారి నడపబోతే అది పట్టేసి ఉంటుంది. ఎడమకాలు కూడా అంతే. కుడికాలు ఆపితే తప్ప ఎడమకాలికి పని తగలదు. ఏం నేర్చుకోవాలో పిల్లవాడికి చెప్పకుండా, అది నేర్చుకుంటే తప్ప ఆడటం కుదరని నియమం పెట్టడం రహీం సాబ్ పద్ధతి. పాఠం నియమంలోనే ఉంది.

సైకిలు అద్దె

ఆయన చేతిమీదుగా వచ్చిన ఆటగాళ్ళలో తులసీదాస్ బలరాం ఒకరు. సికిందరాబాదు దగ్గర అమ్ముగూడలో బీద తమిళ కుటుంబంలో పుట్టిన కుర్రవాడు. రహీం సాబ్ ఆట చూసి శిక్షణకి రమ్మన్నారు. మైదానం ఇంటికి చాలా దూరం, రోజూ రావడానికి డబ్బుల్లేవని కుర్రవాడు చెప్పాడు. సైకిలు అద్దెకి డబ్బులు రహీం సాబ్ ఇచ్చారు. ఈ సంగతి బలరాంగారే పెద్దయ్యాక చాలాసార్లు చెప్పుకున్నారు. ఆ కుర్రవాడు 1956లోనూ 1960లోనూ ఒలింపిక్స్ ఆడాడు. 1960 రోమ్‌లో హంగరీ మీద, పెరూ మీద గోల్సు చేశాడు. 2023లో కన్నుమూసేనాటికి మన దేశపు అత్యుత్తమ ఫార్వర్డుల్లో ఒకరిగా ఆయన్ని తలుచుకున్నారు.

మంచి ఆటగాణ్ణి గుర్తుపట్టడం కొంతమందికి వచ్చు. ఆ గుర్తుపట్టినవాడు మైదానానికి ఎలా వస్తాడని అడగడం మాత్రం బడిపంతులికే తోస్తుంది. పరీక్ష ఫీజు కట్టలేని పిల్లవాడి పేరు పిలవకుండా తనే కట్టేసిన మాస్టార్లు మన బడిలోనూ ఉన్నారు కదా.

పోలీసు జట్టు

1950లో రహీం సాబ్ హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకి కోచ్ అయ్యారు. అప్పటిదాకా భారత ఫుట్‌బాల్ అంటే కలకత్తాయే. మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్, మహమ్మదన్ స్పోర్టింగ్ పేర్లే వినబడేవి. అలాంటప్పుడు హైదరాబాదు కానిస్టేబుళ్ళ జట్టు బొంబాయి వెళ్ళి 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్ళు రోవర్స్ కప్పు గెలుచుకుంది. 1888లో మొదలైన డ్యూరాండ్ కప్పును రహీం సాబ్ హయాంలో నాలుగుసార్లు గెలిచింది.

అదే కాలంలో ఆయన భారత జట్టుకీ కోచ్. 1951 మార్చిలో ఢిల్లీలో జరిగిన మొట్టమొదటి ఆసియా క్రీడల్లో ఇరాన్ మీద 1-0తో గెలిచి మన జట్టు స్వర్ణం తెచ్చింది. గోలు చేసింది మేవాలాల్.

హెల్సింకీ నుంచి మెల్‌బోర్న్

అన్నీ విజయాలే అనుకుంటే పొరపాటు. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో మనం 10-1తో ఓడిపోయాం. మనవాళ్ళు చాలామంది బూట్లు లేకుండా ఆడారు. ఎండిన నేలమీద వేళ్ళతో బంతిని మలుపు తిప్పే ఆ నేర్పు, చలిదేశపు తడిగడ్డిమీద బూట్లు వేసుకున్నవాళ్ళ ముందు పనిచెయ్యలేదు. ఆ తర్వాతే మన ఫుట్‌బాల్ సమాఖ్య బూట్లు తప్పనిసరి చేసింది.

ఓడిన జట్టుకి కోచ్ రహీం సాబే. పది గోల్సు తిన్న మనిషి ఏం చేస్తారు? ఆట నిర్మాణాన్నే మార్చే పనిలో పడ్డారు. అప్పటి పాత పద్ధతిలో ఎక్కువమంది ముందే ఉండి దాడి చేసేవారు. మధ్యలో ఆడే సెంటర్ ఫార్వర్డ్ ఎప్పుడూ గోలు ముందే నిలబడేవాడు. అతణ్ణి కాపు కాయడం ఎదుటి డిఫెండరుకి తేలిక. ఆ సెంటర్ ఫార్వర్డ్‌ని వెనక్కి లాగితే, డిఫెండరు అతని వెంట రావాలా, తన చోటే ఉండాలా తేల్చుకోలేడు. వస్తే వెనక ఖాళీ, రాకపోతే ముందు ఖాళీ. 1953 నవంబరు 25న లండన్ వెంబ్లీ మైదానంలో హంగరీ జట్టు ఇలాగే ఆడి ఇంగ్లండును 6-3తో ఓడించింది, ప్రపంచం నివ్వెరపోయింది. దాదాపు అదే రోజుల్లో, హంగరీని చూసి కాదు, తన ఆలోచనతోనే రహీం సాబ్ ఈ పద్ధతిని మన జట్లతో ఆడించారని ఫుట్‌బాల్ చరిత్రకారులు రాశారు.

1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో హంగరీ పోటీ నుంచి తప్పుకోవడంతో మనం నేరుగా క్వార్టర్ ఫైనల్‌కి చేరాం. అక్కడ ఆతిథ్య ఆస్ట్రేలియాను వాళ్ళ గడ్డమీదే 4-2తో ఓడించాం. నెవిల్ డిసౌజా మూడు గోల్సు చేశాడు. ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో సెమీఫైనల్ చేరిన మొదటి ఆసియా జట్టు మనదే. సెమీస్‌లో ఎదురైంది మళ్ళీ యుగోస్లావియా. మొదటి గోలు మనమే చేశాం. చివరికి 4-1తో ఓడాం. కాంస్యం కోసం జరిగిన ఆటలో బల్గేరియా చేతిలో 3-0తో ఓడి నాలుగో స్థానంలో నిలిచాం.

పతకం రాలేదు కాబట్టి ఈ నాలుగో స్థానం చాలామందికి గుర్తులేదు. కానీ 10-1తో చితికిపోయిన జట్టు నాలుగేళ్ళలో అదే ప్రత్యర్థి మీద ముందుగా గోలు చేసి, కాసేపు ముందంజలో నిలబడటం ఏ పంతులికైనా తెలిసిన ఆనందం. మొదటి త్రైమాసిక పరీక్షలో సున్నా వచ్చినవాడు ఏడాది చివర నలభై తెచ్చుకుంటే, ఫస్టు వచ్చినవాడికన్నా వాడి పేపరే మాస్టారు రెండుసార్లు చూసుకుంటారు.

జకార్తా

1962 ఆసియా క్రీడలు ఇండోనేషియాలో జరిగాయి. అప్పటికే రహీం సాబ్‌కి ఊపిరితిత్తుల క్యాన్సర్. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడాం. తర్వాత థాయిలాండును 4-1తో, జపానును 2-0తో ఓడించాం. థాయిలాండుతో ఆటలో డిఫెండరు జర్నైల్ సింగ్ తలకి గాయమై కుట్లు పడ్డాయి.

బయట పరిస్థితి ఇంకా అధ్వానం. ఇజ్రాయెల్, తైవాన్ జట్లను ఆ క్రీడలకి రానివ్వకపోవడాన్ని మన దేశానికి చెందిన క్రీడాధికారి జి.డి. సోంధీ తప్పుపట్టారు. దాంతో జకార్తాలో భారత్ మీద ఆగ్రహం రేగింది. మనవాళ్ళు మైదానంలోకి వస్తే జనం గేలి చేశారు.

సెమీఫైనల్‌కి రహీం సాబ్ ఒక నిర్ణయం తీసుకున్నారు. కుట్లు పడ్డ తలతో జర్నైల్ వెనక డిఫెండరుగా ఆడటం కష్టం. అతణ్ణి పక్కన కూర్చోబెట్టకుండా ముందుకు, సెంటర్ ఫార్వర్డ్‌గా పంపారు. దక్షిణ వియత్నాం మీద 3-2తో గెలిచాం, అందులో ఒక గోలు జర్నైల్‌ది. సెప్టెంబరు 4న ఫైనల్, ఎదురుగా మళ్ళీ దక్షిణ కొరియా. అప్పటికి గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్ జ్వరం నుంచి పూర్తిగా తేరుకోలేదు. ముందురోజు రాత్రి రహీం సాబ్ ఆటగాళ్ళని పిలిచి తనకో కానుక కావాలని అడిగారని, అది బంగారు పతకమని, ఆ జట్టులోనివారు తర్వాత గుర్తుచేసుకున్నారు. పి.కె. బెనర్జీ ఒక గోలు, తలకి కట్టుతో జర్నైల్ ఒక గోలు. 2-1తో గెలిచాం. జట్టు కెప్టెన్ చునీ గోస్వామి. హైదరాబాదు మైదానాల్లో పెరిగిన బలరాం, యూసుఫ్ ఖాన్ కూడా ఆ జట్టులో ఉన్నారు.

అప్పటినుంచి ఇప్పటిదాకా ఆసియా క్రీడల పురుషుల ఫుట్‌బాల్‌లో మనకి మరో స్వర్ణం రాలేదు.

తర్వాత

జకార్తా నుంచి వచ్చిన తొమ్మిది నెలలకి, 1963 జూన్ 11న రహీం సాబ్ కన్నుమూశారు. వయసు 53. ఈ సంచిక చదువుతున్న మాలో చాలామంది వయసు.

1960 తర్వాత భారత ఫుట్‌బాల్ జట్టు ఒలింపిక్స్‌కి అర్హత సాధించలేదు. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం వచ్చింది. ఆ జట్టు కెప్టెన్ హైదరాబాదీ సయ్యద్ నయీముద్దీన్. రహీం సాబ్ కుమారుడు ఎస్.ఎస్. హకీం 1960 రోమ్ జట్టులో ఉండి, తర్వాత కోచ్‌గా, రిఫరీగా పనిచేశారు. శిక్షకులకి ఇచ్చే ద్రోణాచార్య పురస్కారం మొదలైంది 1985లో. అప్పటికి రహీం సాబ్ పోయి 22 ఏళ్ళు. ఆయన మీద 'మైదాన్' అనే హిందీ సినిమా 2024లో వచ్చింది. ఆ సినిమా వచ్చేదాకా ఆయన పేరు వినని తెలుగువాళ్ళలో నేనూ ఒకణ్ణి. స్కోర్లు చెప్పమంటే మా తరం 1983 క్రికెట్ ప్రపంచకప్పు మొత్తం అప్పజెప్పగలదు. ఒకప్పుడు మన రాష్ట్ర రాజధానిగా ఉండిన హైదరాబాదులో బడిపంతులుగా పనిచేసి దేశాన్ని ఒలింపిక్స్ సెమీస్‌కి తీసుకెళ్ళినాయన పేరు మాత్రం మాకెవరూ చెప్పలేదు. మేమూ అడగలేదు.

ఆయన తర్వాత ఎందుకు ఇలా అయింది అంటే కారణాలు చాలా చెప్తారు. నాకు తోచినది ఒకటి. జాతీయ జట్టుకి కోచ్‌లు తర్వాత కూడా వచ్చారు, విదేశాల నుంచి కూడా వచ్చారు. కానీ ఎడమకాలి పోటీ, పొట్టి పిల్లల పోటీ పెట్టే మనిషి జాతీయ శిబిరంలో ఉంటే చాలదు. బళ్ళో ఉండాలి. పన్నెండేళ్ళ వయసులో అలవాటు కాని ఎడమకాలు ఇరవై రెండేళ్ళకి ఎంతటి కోచ్ వచ్చినా అలవాటు కాదు.

మన మైదానం

ఇప్పుడు మన డ్రిల్లు మాస్టారి దగ్గరికి వస్తాను. ఆయన ఒలింపిక్స్‌కి ఎవరినీ పంపలేదు. జిల్లా స్థాయి దాటినవాళ్ళే తక్కువ. పదో తరగతి వచ్చేసరికి మా డ్రిల్లు పీరియడ్లన్నీ లెక్కలకి, సైన్సుకి పోయేవి. ఆయన ఒక్క మాట అనకుండా విజిలు జేబులో వేసుకుని స్టాఫు రూములోకి వెళ్ళిపోయేవారు. మాకు మార్కులు కావాలి, సంతోషంగానే లెక్కలు చేసుకున్నాం. అది ఆయన పాఠం తీసేసుకోవడమని ఆనాడు తోచలేదు.

నేను క్లాసులో పొట్టివాణ్ణి. జట్లు పంచుకునేటప్పుడు చివర మిగిలేవాణ్ణి. ఆయన ఒకరోజు మాలాంటి చివరి పదిమందిని విడిగా తీసి, రెండు జట్లు చేసి ఆడించారు. మొదటిసారి నాకు బంతి అందింది, కంగారులో కుడికాలితో గాలిలోకి తన్నాను. "ఎడంకాలు దేనికున్నాదిరా నీకు, నిలబడ్డానికేనా?" అని అరిచారు. రహీం సాబ్ గురించి చదివేదాకా ఆ మాట వెనక ఒక పద్ధతి ఉందని నాకు తెలియదు. రహీం సాబ్ పేరు మాస్టారికి తెలుసో లేదో అడగాలనిపించింది. అడగడానికి ఆయన లేరు.

జాబితాలో ఆయన పేరు ఇప్పుడు చేర్చాం. గ్రూపు ఫోటో చివరి నుంచి ఆయన ముఖం పెద్దది చేయించి అచ్చు వేస్తున్నాం, కొంచెం మసగ్గా ఉంటుంది, క్షమించాలి. కానీ పేరు చేర్చినంత మాత్రాన సరిపోదని నా మనవి. జూబ్లీ నిధితో ప్రవేశద్వారం ఆర్చి కట్టాలని, కంప్యూటర్ గది బాగు చేయించాలని సూచనలు వచ్చాయి. అవీ కావలసినవే. వాటితోపాటు మూడు పనులు కమిటీ ముందు పెడుతున్నాను. మైదానం చదును చేయించి గోల్ పోస్టులు నిలబెట్టడం ఒకటి. ఏ తరగతికీ డ్రిల్లు పీరియడు వేరే సబ్జెక్టుకి ఇవ్వకూడదని పాఠశాల యాజమాన్యాన్ని మనందరి తరఫున కోరడం రెండోది. ఏటా మాస్టారి పేరున రెండు పోటీలు పెట్టడం మూడోది. ఒకటి ఎడమకాలితో, ఇంకొకటి ఎత్తు కొలిచి.

మొదటి పోటీ స్వర్ణోత్సవం రోజు పొద్దున్నే, ఎండ ఎక్కకముందు. ముందు పిల్లలు ఆడతారు. తర్వాత ఓపిక ఉన్న పూర్వ విద్యార్థులు. మోకాళ్ళు సహకరించనివాళ్ళు గీత అవతల నిలబడి అరవచ్చు. నా పేరు ఇప్పటికే ఇచ్చాను. ఎడమకాలు మాత్రం ఇప్పటికీ నిలబడ్డానికే పనికొస్తోంది. ఆ రోజుకి కాస్త నేర్పించుకుంటాను.